బావ ఆడిన బూచి ఆట

ఆ అట్టపెట్టె మీది బొమ్మ చూడగానే మా అమ్మ నన్ను గుమ్మంలోనే ఆపేసింది. "ఓలమ్మో, శుక్రోరం పూట ఈ దరిద్రాన్ని ఇంట్లోకి తెస్తన్నావేటే?" అని కేకేసింది. బొమ్మలో ఒక పాడుబడ్డ బంగళా, దాని కిటికీలోంచి బయటికి చాచిన నల్లటి పొడవాటి చేతులు. మొదటిసారి చూసినప్పుడు నాకూ గుండె జల్లుమంది. అందుకే కొన్నాను. అప్పట్లో నేను శ్రీకాకుళంలో బీఈడీ చదువుతున్నాను. స్నేహితురాళ్లతో విశాఖపట్నం పుస్తకాల ఎగ్జిబిషన్‌కి వెళ్లి, పుస్తకాలన్నీ వదిలేసి, మూత చిరిగిందని చవగ్గా ఇస్తున్న ఈ ఆట సంచిలో వేసుకొచ్చాను. టీచరు కాబోయే మనిషి చేసే పనేనా ఇది అని మా నాన్న వెక్కిరించాడు గానీ, ఆ సాయంత్రం అందరికంటే ముందు చాప పరుచుకుని కూర్చున్నది ఆయనే.

ఆయనకి వేరే పని లేదు మరి. ఆషాఢం, వాన, సముద్రం మీద అలజడి. పడవలన్నీ ఇసకలోనే ఉన్నాయి. నాన్నది చేపల వ్యాపారం. ఒడ్డున కొని, ఐసు పెట్టెల్లో సర్ది, చీపురుపల్లి, విజయనగరం పంపుతాడు. పడవలు కదలకపోతే ఆయన ఇంట్లో కూర్చుని ఉప్పు ఎక్కువైందనీ, ఫ్యాను చప్పుడు చేస్తోందనీ అందరినీ వేపుకు తింటాడు. ఆ ఆట రావడం మా అదృష్టమే అనుకున్నాను.

అక్క కూడా అప్పుడు ఇంట్లోనే ఉంది. మాఘంలో పెళ్లయింది, మొదటి ఆషాఢమని పుట్టింటికి తీసుకొచ్చాం. వచ్చినప్పటి నుంచీ మనిషి ఎందుకో ముభావంగా ఉండేది. పిలిస్తే పలికేది, పెడితే తినేది, అంతే. కొత్త పెళ్లికూతురి గొప్పలేవో వినొచ్చని ఎదురు చూసిన నాకు భలే నిరాశగా ఉండేది. "బావ గురించి ఏదైనా సెప్పవే" అంటే "ఏటుంటాది సెప్పడానికి" అనేది.

ఆట చెప్పడం తేలికే. అట్ట మీద బంగళా, దాంట్లో గదులు, వసారాలు, మేడమెట్లు. ఆడే నలుగురూ లోపల చిక్కుకుపోయినట్టు లెక్క. పాచిక వేసి, గదులు దాటుతూ తాళంచెవి వెతికి, వీధి తలుపు తీసుకుని బయటపడాలి. ఈలోపు బూచి, అంటే చేతులు చాచి నోరు తెరిచిన నల్ల ప్లాస్టిక్కు బొమ్మ, వరస తిరిగినప్పుడల్లా దగ్గరున్న మనిషి వైపు కదులుతుంది. దానికి చిక్కితే మన పావు పోయినట్టే. బయటపడ్డవాళ్లు గెలిచినట్టు. చీమ తలలంత అక్షరాలతో ఇంగ్లీషులో ఒక రూల్సు పుస్తకం కూడా ఉంది. ముందు పేజీలు చదివి, ఇంతేలే అనుకుని, ఇంట్లోవాళ్లకి తెలుగులో చెప్పేశాను.

నేనూ, అక్కా, నాన్నా, మామ్మా ఆడేవాళ్లం. మామ్మంటే నాన్నవాళ్లమ్మ. వయసులో ఉండగా పొందూరు దాకా ఎండుచేపల గంప నెత్తిన మోసుకెళ్లి అమ్మిన మనిషి. పాచికని కూడా ఎండుచేప వాసన చూసినట్టు ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. అమ్మ ఆడదు. వంటింటి గుమ్మంలో నిలబడి మమ్మల్ని తిడుతూ ఆట మొత్తం చూస్తుంది.

మొదటి ఆటలోనే నాకు తాళంచెవి దొరికింది. వీధి తలుపు తీసేశాను. పావు బయట పెట్టబోతుంటే మామ్మ నా మణికట్టు పట్టేసుకుంది.

"ఎటెల్తన్నావే?"

"బయటికి మామ్మా. నేను గెలిచాను."

"మీ అక్కెక్కడున్నాది?"

"మేడ మీద."

"మీ నాన్న?"

"సామాన్ల గదిలో."

"మరి ఆల్లని ఒగ్గేసి నువ్వొక్కద్దానివీ ఎల్లిపోతావా? సిగ్గునేదేటే నీకు?"

ఇది ఆట మామ్మా, ఇందులో అంతే అని ఎంత చెప్పినా వినలేదు. ఆమె తప్పు కాదు. మా ఊళ్లో కలిసి వెళ్లిన పడవల్లో ముందు ఒడ్డు చేరినవాళ్లు ఇళ్లకి పోరు. చివరి పడవ కంటికి కనిపించేదాకా ఇసకలోనే నిలబడి ఉంటారు. వాన పడినా అంతే, ఆకలేసినా అంతే. ఇంట్లో ఆడవాళ్లు కూడా అప్పటిదాకా అన్నం వడ్డించరు. అట్ట మీద బంగళా అయినా మామ్మకి అదే న్యాయం. చేసేది లేక నేను తలుపు దగ్గరే ఆగాను. నాన్నా, మామ్మా వచ్చి ఆగారు. అక్క పావు మేడమెట్లు దిగడానికి పాచిక పడదు, బూచి మాత్రం ఆగదు. "ఒసే, బేగి రాయే!" అని నాన్న అట్ట మీదకి వంగి అరిచాడు, అక్క అక్కడే పక్కన కూర్చుని ఉన్నా. చివరికి బూచి మెట్ల మీద అక్కనీ, తెరిచిన తలుపు ముందు మా ముగ్గురినీ తినేసింది.

అలా మేం ఒక్క ఆటా గెలవలేదు. సాయంత్రం కాగానే కూర్చోవడం, తలుపు తీసుకుని ఒకరి కోసం ఒకరు కాచుక్కూర్చోవడం, అందరం కలిసి చావడం. పక్కింటివాళ్లు మా అరుపులు విని ఏమైందోనని పరుగెత్తుకొచ్చిన రోజులున్నాయి. ఆ ఆటలోనే అక్క మళ్లీ నవ్వింది. బూచి నాన్నని పట్టుకున్నప్పుడు నాన్న గిలగిలా కొట్టుకుని చాప మీద పడిపోతే, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

శ్రావణం వచ్చింది. అత్తవారి నుంచి కబురూ వచ్చింది. అప్పుడు అక్క, బియ్యం ఏరుతూ, తలెత్తకుండా చెప్పింది.

"నాను ఎల్లనమ్మా."

అమ్మ చేతిలో చేట ఆగిపోయింది. "ఎల్లవా? ఎందుకెల్లవు?"

"నాకక్కడ బాగోనేదు."

"ఏటి బాగోనేదు? మీ అత్త తిడతాదా?"

"నేదు."

"తిండి పెట్టరా?"

"పెడతారు."

"మరేటే నీ బాధ?"

"బాగోనేదంతే."

ఎవరు ఎన్నిసార్లు అడిగినా అదే మాట. నాకు ఒళ్లు మండిపోయింది. బావ లాంటి మనిషి ఎక్కడ దొరుకుతాడు? చీపురుపల్లిలో ఉద్యోగం, ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. తాగడు. మా వీధిలో తాగని మగాడంటే ఊరేగించాలి. పెద్దవాళ్లు కనిపిస్తే కాళ్లకి దణ్ణం పెడతాడు. నన్ను "టీచరమ్మగారూ" అని ఆటపట్టిస్తాడు గానీ ఒక్క వంకర మాట అనడు. పెళ్లిలో మా ఆడవాళ్లంతా ఆయన్ని చూసి అక్కకి దిష్టి తీసినంత పని చేశారు. నాన్న ఇక అడగడం మానేసి ఫోను తీశాడు. ఆదివారం బావే వచ్చి తీసుకెళ్లేలా మాట్లాడేశాడు. సాయంత్రానికి ఆటో కూడా చెప్పేశాడు. అక్క ఎదురు చెప్పలేదు, ఏడవలేదు. తన చీరలు తనే మడతపెట్టుకుంది.

మామ్మ ఒక్కతే, "పిల్ల ఎల్లనంటన్నాది కదరా, ఇంకో నెల సూద్దారి" అంది.

"నెల దాటితే నలుగురూ ఏటనుకుంటారమ్మా" అన్నాడు నాన్న. ఆయనకి భయం. ఆయన భయమే ఇంట్లో అందరికీ సరిపోయింది.

ఆదివారం బావ యాపిల్ పళ్లు పట్టుకుని వచ్చాడు. మామ్మ కాళ్లకి దణ్ణం పెట్టాడు. అమ్మ పీతల ఇగురూ, కోనాం చేప పులుసూ చేసింది. బావ మెచ్చుకుంటూ తిన్నాడు, అక్క వడ్డించింది. అన్నాలయ్యాక వాన జోరందుకుంది. ఆటో రావడానికి ఇంకా పొద్దుంది. ఏం చేయాలో తోచక అందరం ముందు గదిలో కూర్చుంటే, బావ కంట ఆ పెట్టె పడింది.

"ఇదేటి టీచరమ్మగారూ, దెయ్యాల్ని పెంచుతున్నారా?"

మేమంతా ఒకేసారి మాట్లాడేశాం. నాన్న ఉత్సాహంగా తన చోటు బావకి ఇచ్చి కుర్చీలోకి మారాడు. బావ చాప మీద అక్క పక్కన కూర్చున్నాడు. నేనూ, మామ్మా ఎదురుగా. బావ ముందు రూల్సు పుస్తకం అడిగి తీసుకున్నాడు. మేం పావులు సర్దేలోపు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేశాడు. చదువుకున్న మనిషంటే ఇలా ఉండాలి అని నాన్న నాకేసి చూశాడు. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది.

మొదటి ఆటలో తాళంచెవి బావకే దొరికింది. తలుపు తీసి, ఆగకుండా బయటికి వెళ్లిపోయాడు. చప్పట్లు కొట్టి, "నేను గెలిచా" అన్నాడు.

మామ్మ నోరు తెరిచి చూసింది. "బాబూ, ఇంకా ముగ్గురం లోపలున్నాం."

"ఆటండీ మామ్మగారూ. ఇందులో ఎవరి ప్రాణం వాళ్లదే."

రూలు అదే. నేను చెప్పిందీ అదే కదా మొదట్లో. మమ్మల్ని బూచి తినేసింది. నాన్న పెద్దగా నవ్వి, "సూసేవా అమ్మా, ఆట అలగాడాల!" అన్నాడు. మామ్మ నవ్వలేదు. పాచిక ఇలా ఇమ్మని చెయ్యి చాచింది.

రెండో ఆటలో బావ పావూ, అక్క పావూ వంటగదిలో పడ్డాయి. దానికి ఒకటే దారి, ఆ దారిలోకి బూచి వచ్చేసింది. ఆ దారికి ఈ చివర, అట్టకి నావైపు అంచున, బూచి బొమ్మ ఉంది. ఇక ఇద్దరూ పోయినట్టే అనుకుని నేను చేతులు రుద్దుకుంటున్నాను. బావ పుస్తకం తెరిచి, వెనక పేజీ మీద వేలు పెట్టాడు.

"మీరెవరూ ఇది చదివినట్టు లేదు. ఒకే గదిలో ఇద్దరుంటే, పక్కవాళ్లని బూచి ముందుకి తోసి మనం జారుకోవచ్చు."

"నిజంగా అలా ఉందా?" అని నేను పుస్తకం లాక్కోబోయాను.

అక్క పావు అక్క మోకాలి దగ్గరున్న అంచున ఉంది. దాన్ని అందుకోవడానికి బావ కుడిచెయ్యి పైకి లేపి, అక్క ముందు నుంచి చురుగ్గా చాపాడు.

అక్క రెండు చేతులూ లేచి మొహానికి అడ్డం వచ్చాయి. మోచేతులు బయటికి, తల లోపలికి, మోకాళ్లు కడుపులోకి. ఒక్క క్షణంలో అంత మనిషీ ముడుచుకుపోయింది. అరవలేదు. నోట్లోంచి చిన్న చప్పుడు కూడా రాలేదు. బావ చెయ్యి అట్ట మీద గాల్లోనే ఆగింది.

అమ్మ టీ పళ్లెంతో గుమ్మంలోకి వచ్చి అక్కడే నిలబడిపోయింది. బావ నవ్వాడు. మెత్తగా, ఎప్పటిలాగే, "ఏటిది? ఆటే కదా" అన్నాడు.

అక్క చేతులు కిందికి దించింది. చీర కొంగు సర్దుకుంది. మా ఎవరి వైపూ చూడకుండా, బావ మోకాలి వైపు చూస్తూ అంది.

"తప్పయిపోనాదండి."

ఆ మాట ఇప్పటికీ నా చెవిలోంచి పోలేదు. ఆ భయం చూసి అదిరిపోయాను, నిజమే. దానికంటే ఎక్కువగా ఆ క్షమాపణ నన్ను కొట్టింది. ఎవరూ అడక్కుండానే, అలవాటైన మాటలా వచ్చింది. మా వీధిలో మొగుడు పెళ్లాన్ని కొడితే వీధంతటికీ తెలుస్తుంది. తాగి వస్తాడు, అరుస్తాడు, గిన్నెలు బయటికి విసురుతాడు. నలుగురు అడ్డం పడతారు, మర్నాడు పెద్దలు కూర్చోబెట్టి గడ్డి పెడతారు. తాగకుండా, గొంతు లేవకుండా, తలుపు వేసుకుని, ఇస్త్రీ చొక్కా నలగకుండా ఒక మనిషి ఆ పని చేస్తాడని మా బుర్రల్లోకి ఎన్నడూ రాలేదు. అక్క చెప్పినా నమ్మేవాళ్లమో లేదో. అది దానికి తెలుసు కాబోలు, అందుకే బాగోనేదంతే అని ఊరుకుంది.

మాలో మొదట మాట్లాడింది మామ్మే. "ఎన్నాళ్లయిందే ఇలగ?" అని అక్కని అడిగింది.

"అబ్బే, ఏమీ లేదండి మామ్మగారూ. బూచికి భయపడింది, పిరికిది" అన్నాడు బావ.

"బూచికి బయపడినోల్లు బూచికేసి సూస్తారు నాయనా" అంది మామ్మ. "అది నీ సేతికేసి సూసింది."

బావ మొహంలో నవ్వు ఇంకా ఉంది. దాన్ని ఏం చేయాలో ఆయనకి తెలిసినట్టు లేదు. నాన్న వైపు తిరిగి, రూల్సు పుస్తకం ఎత్తి చూపించాడు. "రూల్లోనే ఉంది కదా మావయ్యా. నేను చేసిన తప్పేటి?"

నిజంగానే అడుగుతున్నాడు. నాకు ఆ ఇంట్లో ఆ పూట నిజంగా భయమేసింది అప్పుడే.

నాన్న కుర్చీలోంచి లేచాడు. కొడతాడేమో అనుకున్నాను, కొట్టాలనీ అనుకున్నాను. నాన్న ఆయన పక్క నుంచి దాటి గుమ్మంలోకి వెళ్లి, అక్కడ విప్పిన బావ చెప్పులు రెండూ చేత్తో తీశాడు. మామగారు అల్లుడి చెప్పులు ముట్టుకోవడం! అమ్మ "ఓలమ్మో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాన్న వాటిని మెట్టు మీద, మొనలు వీధి వైపు తిప్పి పెట్టాడు.

"ఆటో వస్తాది. నువ్వెల్లు" అన్నాడు.

"మావయ్యా, నలుగురూ ఏమనుకుంటారు?"

నాన్నని అన్నాళ్లూ వణికించిన మాట అదే. నాన్న మాత్రం చెయ్యి వీధి వైపు చూపించి అలాగే నిలబడ్డాడు. ఆటో వచ్చేదాకా ఆ చెయ్యి దించలేదు.

బావ వెళ్తూ వెళ్తూ కూడా మామ్మకి దణ్ణం పెట్టబోయాడు. మామ్మ కాళ్లు చీర లోపలికి లాక్కుంది. ఆటో కదిలాక అమ్మ పళ్లెం ఎక్కడో పడేసి, అక్క మీద పడి, దాని చేతులు, మెడ, వీపు తడుముతూ ఏడవడం మొదలుపెట్టింది. "ఎక్కడే? ఎక్కడ కొట్టినాడే? సూపించే నా తల్లీ."

"ఇప్పుడేటీ నేవమ్మా" అంది అక్క. "ఆషాడంలో అన్నీ మానిపోనాయి."

నాన్న అరుగు మీదకి వెళ్లి వానకి ఎదురుగా కూర్చున్నాడు. ఆయన వీపు ఎగిరెగిరి పడుతోంది. మా నాన్న ఏడవడం నేను చూడటం అదే మొదలు. నేను మటుకు ఆయన దగ్గరికి వెళ్లలేదు. నాకు ఆయన మీద కోపం, అమ్మ మీద కోపం, పెళ్లిలో దిష్టి తీసిన ఆడవాళ్ల మీద కోపం. ఆ కోపంలో అందరికంటే ముందు నేనే ఉన్నాను.

మర్నాడు పొద్దున్న వంటింట్లో డబ్బాలు మిగిలాయి. అక్కతో పంపడానికి అమ్మ చేసిన సారె. అరిసెలు, సున్నుండలు, జంతికలు. కూతుర్ని సాగనంపేటప్పుడు సారె కూడా వెళ్తుంది, అక్కడ అత్తవారి వీధిలో ఇంటింటికీ పంచి మా కోడలు వచ్చిందని చెప్పుకుంటారు. అమ్మ ఆ డబ్బాలు చూసి మళ్లీ ఏడుపు ఎత్తుకుంది. ఎవరికీ కనపడకుండా అటక మీద పెట్టెయ్యమని నాతో అంది.

మామ్మ వచ్చి డబ్బా మూత తీసింది. "పంచండి" అంది.

"ఎక్కడత్తా?"

"మన ఈదిలో."

పుట్టింటి వీధిలో సారె పంచడం మేమెవరం వినలేదు. వీధి వీధంతా అక్క నిన్ననే వెళ్లిపోయిందని అనుకుంటోంది. "అందరికీ మనమే దండోరా ఏసినట్టు అవుతాది" అంది అమ్మ. "అవనీ" అంది మామ్మ. పళ్లెంలో సున్నుండలు సర్ది నా చేతికిచ్చింది. నేను గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాను. ఏమని చెప్పాలో తెలియలేదు.

అక్క వెనక నుంచి వచ్చి నా చేతిలో పళ్లెం తీసుకుంది. జడ కూడా వేసుకోలేదు. మెట్లు దిగి, బురదలో చీర కాస్త పైకి పట్టుకుని, పక్కింటి గుమ్మం ఎక్కింది. నేను దాని వెనకే పరుగెత్తాను. పక్కింటి ముసలమ్మ బయటికి వచ్చి, అక్కని చూసి కొయ్యబారిపోయింది. అక్కని చూసింది, పళ్లెం చూసింది, మళ్లీ అక్కని చూసింది. సారె వస్తే ఎవరైనా అడిగే మాటే చివరికి అడిగింది.

"ఏ ఊరి సారె అమ్మా ఇది?"

"ఈ ఊరిదే మామ్మా" అంది అక్క. "నాను మా ఇంటికొచ్చేసినాను. తిను."